పాతర వేసిన ద్రాక్ష

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డున్న కొట్టుకెళ్లి ఒకసారి వైన్ అడిగి చూడండి. కౌంటర్ వెనక కుర్రాడు మన మొహం ఎగాదిగా చూసి, పై అరలో వెతికి, దుమ్ము పట్టిన సీసా ఒకటి దించి గుడ్డతో తుడుస్తాడు. తీరా రుచి చూస్తే అది తీపి పాకం. బ్రాందీ, విస్కీ, బీరు అమ్మే కొట్టుకి ఆ పేరు ఎలా అంటుకుందో గానీ, మాట తెలుగులో స్థిరపడిపోయింది, సరుకు మాత్రం మనకు పరిచయం కాలేదు. నాకూ కాలేదు. యాభై దాటాక, మేనకోడలి పుణ్యమా అని, జార్జియా రాజధాని టిబిలిసిలో ఒక నేలమాళిగలో అయింది.

మా మేనకోడలు అక్కడ మెడిసిన్ నాలుగో సంవత్సరం. ఎంబీబీఎస్ సీటు వేటలో జార్జియా పేరు తెలుగు జిల్లాల్లోకి ఎప్పుడో వచ్చి చేరింది. టిబిలిసి మెట్రోలో వెనక సీట్లోంచి తెలుగు వినిపిస్తే ఉలిక్కిపడనక్కర్లేదు. తెలంగాణలో మూడింట రెండొంతులైనా ఉండని దేశం అది. ఉత్తరాన కాకసస్ కొండలు, పడమట నల్లసముద్రం. ఆ కాస్త నేలలో 500కు పైగా స్థానిక ద్రాక్ష రకాలున్నాయి. నాకు తెలిసిన ద్రాక్ష మొత్తం మూడు రకాలు: హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు పందిళ్లకు వేలాడిన అనాబ్-ఎ-షాహీ, తర్వాత బండ్ల మీదికొచ్చిన గింజలేని పచ్చ ద్రాక్ష, నల్ల ద్రాక్ష.

"మామయ్యా, చర్చిలూ మ్యూజియంలూ చూసి వెళ్లిపోతే ఏం చూసినట్టు? ఒక్క సాయంత్రం నాతో రా," అంది. తను తాగదు. మర్నాడు పొద్దున్నే పిల్లల వార్డులో డ్యూటీ ఉందట. తనకోసం తర్ఖునా అనే ఆకుపచ్చ సోడా ఉంటుంది, నాకోసం వైన్ ఉంటుంది, మధ్యలో మాట తను అందిస్తుంది. అదీ ఒప్పందం. రోగుల్ని ‘ఎక్కడ నొప్పి’ అని అడగడానికి నేర్చుకున్న జార్జియన్ భాష అలా నా రుచుల దగ్గరికొచ్చింది. ఆ భాషలో నాలుగైదు హల్లులు అచ్చు తోడు లేకుండా గుంపుగా నడిచొస్తాయి. దాదాపు ప్రతి మాటనీ అచ్చుతో ముగించే తెలుగు నోటికి అది కొండెక్కడమే.

సొలొలాకీ అనే పాత పేట. చెక్క బాల్కనీలు వీధి మీదికి వంగి ఉంటాయి. తలెత్తితే గుట్ట మీద 20 మీటర్ల అల్యూమినియం విగ్రహం, ‘కార్త్లిస్ దేదా’, అంటే కార్త్లీ తల్లి. 1958లో నిలబెట్టారు. ఒక చేతిలో కత్తి, ఇంకో చేతిలో వైన్ గిన్నె. శత్రువుకి కత్తి, చుట్టానికి గిన్నె. ఆ విగ్రహం కిందే ఒక సందులో పది మెట్లు దిగితే ఇటుక కమాను గది. నాలుగు బల్లలు, గోడ నిండా సీసాలు, నేలలో ఒకచోట అద్దం బిగించిన గుండ్రటి కంత. బావేమో అనుకున్నాను. లోపల దీపం పెట్టారు. మట్టి గోడలు కిందికి వెళ్లేకొద్దీ ఉబ్బి, మళ్లీ సన్నబడి, అడుగున మొనదేలి కనిపించాయి. బావి కాదు, కుండ. భూమిలో నిలువునా పాతేసిన కుండ. దాని పేరు క్వెవ్రీ.

మనకు పాతర అనే మాట ఉంది. రాయలసీమలో, తెలంగాణలో జొన్నల్ని నేలలో గొయ్యి తీసి దాచేవాళ్లు. మూత తీశాక వెంటనే లోపలికి దిగకూడదని పెద్దవాళ్లు హెచ్చరించేవాళ్లు కూడా. జార్జియన్లు ద్రాక్షని పాతరేస్తారు. ఆ దేశపు వైన్ గురించి ఎవరైనా ఒక్క ముక్కలో చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

బార్ నడిపేది నలభై ఏళ్లాయన. తూర్పున కఖేతీ సీమలో వాళ్లకు కుటుంబ తోట ఉందట. రుచి చూపించడానికి ఐదు గ్లాసులు వరసగా పెట్టాడు. తెలుపు తర్వాత ఎరుపు అన్న క్రమం కాదు, పిప్పి క్రమం. మొదటి గ్లాసులోది పిప్పి లేకుండా పులిసింది, రెండోది కాస్త పిప్పితో, మూడోది మొత్తం పిప్పితో, అలా. చెరుకు రసం తీశాక మిగిలేది పిప్పి అయినట్టే, ద్రాక్ష తొక్కిన తర్వాత మిగిలే తొక్కలు, గింజలు, కాడలూ పిప్పే. వాళ్ల భాషలో చాచా. హైదరాబాదీ చెవికి ఆ మాట నవ్వు తెప్పిస్తుంది, ఆపుకోవాలి.

మొదటి గ్లాసు కార్త్లీ ప్రాంతపు చినూరి. లేత, పుల్లన, గొంతు దిగాక ఏమీ మిగల్లేదు. రెండోది పడమటి ఇమెరెతీ సీమ నుంచి వచ్చిన త్సొలికౌరి. కాస్త తేనె వాసన, కాస్త పచ్చి జామ. బాగుంది. మూడోది ర్కత్సితెలి. తెల్ల ద్రాక్షే, కానీ గ్లాసులో రంగు బెల్లం టీ రంగు. తెల్ల వైన్ అని నమ్మి ఒక గుక్క పట్టాను. నాలుక అంచులు బిగుసుకున్నాయి, చిగుళ్లు ఆరిపోయాయి, పళ్ల మీద ఎవరో సుద్ద రాసినట్టయింది.

"మామయ్య మొహం చూడండి," అని మేనకోడలు నవ్వుతుంటే ఆయన ఏదో అన్నాడు. అర్థం చెప్పమంటే తను కాసేపు తడుముకుంది. "ఇంగ్లీషులో టానిన్ అంటారు, తెలుగులో..."

తెలుగులో అనడానికి ఆలోచించాలా! వగరు. చిన్నప్పుడు దగ్గొస్తే బుగ్గన పెట్టిన కరక్కాయ ముక్క, నాలుక నీలంగా మారేదాకా తిన్న నేరేడు పళ్లు, లేత వక్క, పచ్చి అరటికాయ తొక్క. ఉగాది పచ్చడిలో మామిడి పిందె చేసే పని అదే. షడ్రుచుల్లో ఒకటిగా వగరుని లెక్కపెట్టిన జాతి మనది. వైన్ పుస్తకాలు తిరగేస్తే మనం కంటితో చూడని బెర్రీల పేర్లు వరసగా ఉంటాయి, చదివినవాడికి ఇదంతా మనది కాదులే అనిపిస్తుంది. కానీ ఆ గ్లాసులో ఉన్నది నాకు తెలిసిందే. రెండో గుక్కకి వగరు వెనక ఎండబెట్టిన నారింజ తొక్క తగిలింది. మూడో గుక్కకి ఖర్జూరం. నాలుగోదానికి, పాతబడ్డ చింతపండు మూకుడు మూత తీస్తే వచ్చే వాసన. మేనకోడలు ఆ చివరిది అనువదించలేకపోయింది.

తెల్ల ద్రాక్షకి ఆ రంగు, ఆ వగరు ఎక్కడివి? ఐరోపాలో మామూలుగా తెల్ల వైన్ చేసేటప్పుడు పళ్లు పిండి రసాన్ని తొక్కల నుంచి వెంటనే విడదీస్తారు. ఎర్ర వైన్‌కి మాత్రమే తొక్కలతో పులియబెడతారు, రంగు తొక్కలోనే ఉంటుంది కాబట్టి. కఖేతీ రైతు ఆ తేడా పాటించడు. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కోతలు. దాన్ని ర్త్వేలి అంటారు, మన సంక్రాంతి కోతల సందడి లాంటిది. కోసిన గుత్తుల్ని చెట్టు మాను తొలిచిన పొడవాటి దోనెలో వేసి కాళ్లతో తొక్కుతారు. రసం క్వెవ్రీలోకి పారుతుంది. దాని వెనకే తొక్కలు, గింజలు, పండిన కాడలు కూడా అందులోకే. మందు వేయరు, తోడు వేయరు. తొక్క మీద, గాలిలో ఉన్న ఈస్టే పని మొదలుపెడుతుంది.

ఒకటి రెండు రోజుల్లో కుండ పొంగుతుంది. పుట్టే వాయువు తొక్కల్ని పైకి నెట్టి మందపాటి తెట్టు కట్టిస్తుంది. ఆ తెట్టు ఎండిందా, పైన పులుపెక్కి సిర్కా అవుతుంది. అందుకని రోజుకి మూడు నాలుగు సార్లు, రాత్రి కూడా లేచి, పొడవాటి కర్రతో దాన్ని కిందికి ముంచాలి. రెండు మూడు వారాలకు చక్కెర అంతా ఆల్కహాలుగా మారి పొంగు చల్లారుతుంది. తెట్టు తనంతట తానే మునుగుతుంది. అప్పుడు కుండని అంచుదాకా నింపి, రాతి బిళ్లో చెక్క బిళ్లో మూతపెట్టి, చుట్టూ బంకమట్టి మెత్తి, వసంతం దాకా తల తిప్పి చూడరు.

ఆ ఐదారు నెలల్లో కుండ ఆకారం చేసే పని నాకు అన్నిటికంటే నచ్చింది. అడుగు మొనదేలి ఉంటుందా, బరువైన గింజలు ముందుగా ఆ మొనలోకి జారతాయి. వాటి మీద చచ్చిన ఈస్టు మడ్డి పరుచుకుంటుంది. ఆ పైన తొక్కలు, కాడలు. అన్నిటికంటే చేదెక్కువ ఉన్నవి గింజలు, అవి మడ్డి కింద సమాధి అయి ఊరుకుంటాయి. వైన్ పైన తేరుకుంటుంది. వడకట్టే యంత్రం లేదు, మోటారు లేదు. చుట్టూ ఉన్న మట్టి వేసవికీ చలికీ పెద్దగా తేడా రానివ్వకుండా సుమారు 15 డిగ్రీల దగ్గర ఉంచుతుంది. కాకసస్ పల్లెలో పైన మంచు కురిసినా కుండకి తెలియదు. మార్చిలో, ఏప్రిల్లో మూత తీసి, తేటని తోడి ఇంకో శుభ్రమైన కుండలోకి మారుస్తారు. మిగిలిన పిప్పిని పారెయ్యరు. బట్టీ పెట్టి ఘాటైన సారా తీస్తారు, దాని పేరు కూడా చాచాయే.

ఇది వింటున్నప్పుడు మా నాన్నగారి అలమరాలో ఉండే ద్రాక్షారిష్టం సీసా గుర్తొచ్చింది. ఆయుర్వేదంలో ఆసవాలు, అరిష్టాలు చేసే పద్ధతికి సంధానం అని పేరు. కషాయంలో బెల్లం, ధాతకి పూలు వేసి, లోపల నెయ్యి పట్టించిన మట్టి కుండలో పోసి, మూతికి గుడ్డచుట్టి మట్టి మెత్తి, ధాన్యపు రాశిలోనో నేలలోనో పాతిపెట్టి నెలరోజులు కదిలించకపోవడం పాత పద్ధతి. మనం దాన్ని చెంచాతో కొలిచి మందు చేసుకున్నాం, వాళ్లు గిన్నెతో పోసి విందు చేసుకున్నారు.

క్వెవ్రీ తయారు చేసే కుమ్మరులు ఇప్పుడు చాలా కొద్దిమందే. కఖేతీలో వర్దిసుబానీ, ఇమెరెతీలో ష్రోషా, మకతుబానీ లాంటి ఊళ్లు ఆ పనికి పేరు. ఈ కుండ సారె మీద లేవదు, అంత పెద్దది. బంకమట్టిని తాళ్లలా పేని, ఒక వరస మీద ఒక వరస చేతితో పేర్చుకుంటూ పోవాలి. బెత్తెడు ఎత్తు లేపాక ఆగాలి. కింది మట్టి కాస్త గట్టిపడితే గానీ పై వరస బరువు మోయదు. కుమ్మరి ఒక్క కుండ ముందు కూర్చోడు, ఐదారు కుండల్ని వరసగా పెట్టి ఒకదాని నుంచి ఇంకోదానికి తిరుగుతూ ఉంటాడు. వెయ్యి రెండు వేల లీటర్లు పట్టే కుండ నిలబడటానికి నెలలు పడుతుంది. ఆరబెట్టడానికి ఇంకొన్ని వారాలు. తర్వాత ఇల్లంత ఆవంలో పెట్టి, ముందు ఇటుకలతో మూసి, వారం పాటు కట్టెలు వేస్తూ కాలుస్తారు. వేడి వెయ్యి డిగ్రీలు దాటాలి. తీసి, కుండ ఇంకా వెచ్చగా ఉండగానే లోపల తేనెమైనం పూస్తారు. మైనం మట్టి రంధ్రాల్లోకి ఇంకుతుంది, పైన పొరలా నిలవదు. అన్ని రంధ్రాలూ మూస్తే కుండ గాజు అవుతుంది, ఏదీ మూయకపోతే జల్లెడ అవుతుంది. బయట సున్నం కడతారు. కుండ పగిలితే అది పాతిన గొయ్యి మొత్తం తవ్వాలి కాబట్టి, కొనేవాడు కర్రతో కొట్టి, చెవి ఆనించి మోత వింటాడు. సంతలో కుండ కొనే మన అమ్మమ్మలు చేసిన పనే.

పడమటి ఇమెరెతీలో కథ కొంచెం మారుతుంది. అక్కడ ఈ కుండని చూరీ అంటారు. కఖేతీలో కుండలకు మరానీ అనే ప్రత్యేకమైన గది ఉంటుంది, ఇల్లు కట్టుకునేవాడు దాన్ని దేవుడి గది లెక్కన కడతాడు. ఇమెరెతీలో చాలాచోట్ల కుండలు పెరట్లో ఆరుబయటే ఉంటాయి. గాలిలో తేమ ఎక్కువ, ఎండ తక్కువ, కాడలు పూర్తిగా పండవు. పచ్చి కాడ వేస్తే వైన్ నోట పెట్టలేం. అందుకే కాడలు తీసేసి, పిప్పిలో పదో వంతో అంతకు కాస్త అటూ ఇటూనో మాత్రమే వేస్తారు, నెల రెండు నెలల్లో తీసేస్తారు. ఒకే కుండ, ఒకే దేశం, రెండు వాతావరణాలు. గోంగూర మీద శ్రీకాకుళానికీ గుంటూరుకీ ఉన్నంత వాదం వీళ్లకీ ఉంది. కఖేతీ ఆయన ఇమెరెతీ వైన్ పోసేటప్పుడు పెదవి చివర చిన్న నవ్వు ఒకటి చూశాను.

ఎనిమిది వేల ఏళ్లు అన్న మాట ఆ ఊళ్లో ప్రతి గోడ మీదా ఉంటుంది, టీషర్టుల మీద కూడా. దానికి ఆధారం ఉంది. టిబిలిసికి దక్షిణంగా గదచ్రిలీ గోరా, షులవెరిస్ గోరా అనే రెండు దిబ్బల్లో దొరికిన కుండ పెంకుల్లో ద్రాక్ష వైన్‌ని పట్టిచ్చే టార్టారిక్ ఆమ్లం ఆనవాళ్లు బయటపడ్డాయని 2017లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. క్రీస్తుపూర్వం 6000 నాటివి అవి. అంతకుముందు ఆ గౌరవం ఇరాన్‌లోని హజ్జీ ఫిరూజ్ తెపేది. కాకపోతే ఒక్క తేడా గమనించాలి. ఎనిమిది వేల ఏళ్లన్నది వైన్ వయసు. ఆ తొలినాటి కుండలు ఇంత పెద్దవీ కావు, ఈ రోజు మనం చూసే మొనదేలిన, మెడదాకా పాతిన కుండలూ కావు. టీషర్టుకి అంత చోటు లేదు గనక అది రాయరు.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది ఆ పాతదనం కంటే ఈ మధ్య కథ. సోవియట్ కాలంలో వైన్ అంటే ఫ్యాక్టరీ. వందల రకాల ద్రాక్ష పక్కకు పోయి, ఎక్కువ కాపు కాసే కొద్ది రకాలే తోటల్లో మిగిలాయి. 1985లో గోర్బచేవ్ మద్యం మీద యుద్ధం ప్రకటిస్తే జార్జియాలో చాలా ద్రాక్షతోటలు వేళ్లతో సహా పోయాయి. తర్వాత సోవియట్ యూనియన్ నుంచి దేశం విడిపోయింది, యుద్ధాలు, చీకటి రోజులు. 2006లో రష్యా జార్జియా వైన్‌ని నిషేధించింది. ఎగుమతిలో అధిక భాగం కొనేది రష్యానే, ఒక్క రోజులో బజారు మూతపడింది. 2013 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. ఇన్ని దెబ్బల మధ్య క్వెవ్రీ ఎలా బతికింది? పెరట్లో బతికింది. ఫ్యాక్టరీకి పళ్లు తోలినవాడే ఇంట్లోకి, పెళ్లికి, పిల్లాడి పుట్టినరోజుకి కావలసినంత తన కుండలో చేసుకున్నాడు. అలవెర్ది మఠంలో సన్యాసులు ఇప్పుడు మళ్లీ చేస్తున్నారు. రష్యా తలుపు మూసేశాక నాణ్యత చూసే కొత్త గిరాకీ వెతుక్కోవలసి వచ్చింది. అంతకుముందే ఇటలీలో పేరు మోసిన వైన్ తయారీదారు యోష్కో గ్రావ్నెర్ 2000లో జార్జియా వచ్చి చూసి, ఈ కుండల్ని తన నేలలో పాతించుకున్నాడు. 2007లో జాన్ వర్డ్‌మన్ అనే అమెరికన్ చిత్రకారుడు గేలా పతలిష్విలీ అనే స్థానిక రైతుతో కలిసి సిగ్నాగీలో వైన్ సంస్థ పెట్టాడు. 2013లో యునెస్కో ఈ పద్ధతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. అయినా ఆ దేశంలో అమ్ముడయ్యే వైన్‌లో క్వెవ్రీది చిన్న భాగమే. ఎక్కువంతా మామూలు స్టీలు తొట్లదే.

ఇంకో మాట కూడా చెప్పకపోతే తప్పు. కుండలో చేసిందల్లా అమృతం కాదు. అంతకుముందు రాత్రి, బస దగ్గర పర్యాటకుల హోటల్ ఒకదానిలో ‘మా ఇంటి వైన్’ అని మట్టి కూజాలో పోసిచ్చారు. ముక్కు దగ్గర పెట్టుకోగానే సిర్కా. మింగాక ఎలుక బొరియ వాసన. ఇది ఇలాగే ఉంటుంది, సహజం కదా అన్నాడు వడ్డించినవాడు. సహజం అన్న మాట చాటున బద్ధకం దాక్కోవడం మన దగ్గరా చూస్తున్నాం, బెల్లంలో ఇసుక తగిలితే ఆర్గానిక్ అంటారు. బార్ ఆయనకి ఆ సంగతి చెబితే ఆయన నవ్వలేదు. నాలుగో గ్లాసు పోస్తూ ఆ హోటల్ పేరు అడిగాడు. నేను చెప్పలేదు.

నాలుగోది కిసి. వగరు తగ్గి, మాగిన పనస తొన వాసన. ఐదోది సపెరవి. ఆ పేరుకి అర్థం రంగు అద్దేది. చాలా నల్ల ద్రాక్షల్లో తొక్కే నలుపు, లోపలి గుజ్జు తెలుపు. దీనికి గుజ్జు కూడా ఎరుపే. గ్లాసు వంచితే అంచు దాకా సిరా. ఎర్ర వైన్ అనరు వాళ్లు, నల్ల వైన్ అంటారు.

పక్క బల్ల దగ్గర ఆరుగురు కూర్చుని ఉన్నారు. ఎవరి గ్లాసులు వాళ్ల ముందు నిండుగా ఉన్నా ఎవరూ ముట్టుకోవడం లేదు. ఒక పెద్దాయన లేచి మాట్లాడుతున్నాడు, సుదీర్ఘంగా. ఆయన తమాదా, విందు పెద్ద. జార్జియన్ విందుని సుప్రా అంటారు. అందులో దాహం వేసినప్పుడు తాగడం ఉండదు. తమాదా ఒక మాట ఎత్తాలి. శాంతికి, ఊరికి, పోయినవాళ్లకి, పిల్లలకి, వచ్చిన అతిథికి. ప్రతి మాటకీ ఒక చిన్న ప్రసంగం, దాన్ని ఇంకొకరు అందుకుని పెంచుతారు, చివర ‘గౌమర్‌జోస్’ అని గ్లాసు ఎత్తుతారు. గెలుపు అన్న మాట అందులో ఉంది. పోయినవాళ్ల మాట వచ్చినప్పుడు ఆ బల్ల దగ్గర ఒకామె కళ్లు తుడుచుకుంది, పక్కనాయన రొట్టె ముక్క మీద రెండు చుక్కలు వైన్ వేశాడు. తర్వాత పాట. మూడు గొంతులు మూడు దారుల్లో వెళ్లి ఒకచోట కలుసుకుంటాయి. ‘చక్రులో’ అనే కఖేతీ విందుపాటని 1977లో వాయేజర్ నౌకలకు బిగించిన బంగారు రికార్డులో పంపారని మేనకోడలు చెప్పింది. ఇప్పుడది సూర్యకుటుంబం పొలిమేర దాటి పోతోంది.

తమాదా తూలకూడదు. అందరికంటే ఎక్కువ మాట్లాడి, అందరితో సమానంగా తాగి, మాట తడబడకుండా విందు ముగించాలి. లేకపోతే ఆ పెద్దరికం మళ్లీ దక్కదు. వాళ్ల ఊళ్లలో తాగుబోతులు లేరని కాదు, ఉంటారు. కానీ తాగడానికి ఒక మర్యాద, ఒక కాపలా మనిషి ఉన్నారు. మన దగ్గర తాటివనంలో ముంత చుట్టూ కూర్చునే కల్లు బైఠక్‌కి అలాంటి మర్యాద కొంత ఉండేది. సారా ప్యాకెట్లు దాన్ని మింగేశాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు ఆ ప్యాకెట్ల మీద తిరగబడ్డారు. 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో సడలింది. మా ఇంట్లో ఈ వ్యాసం సంగతి చెబితే మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, ‘తాగుడు గురించి రాయడానికి నీకు ఇదే దొరికిందా?’ అని. ఆ ప్రశ్న న్యాయమైందే.

రాత్రి ఏడు దాటింది, ఇండియాలో ఎనిమిదిన్నర. మేనకోడలికి అమ్మమ్మ వీడియో కాల్ చేసే వేళ. తప్పించుకునే దారి లేదు. మా అమ్మ తెరలో కనిపించగానే, వెనక సీసాలు ఆమెకీ కనిపించాయి. నేను గబగబా ఫోను నేల వైపు తిప్పి అద్దం కింది కుండ చూపించాను.

"ఏవిట్రా ఆ గుంట?"

"గుంట కాదమ్మా, జాడీ. భూమిలో పాతారు. ద్రాక్షపళ్లు ఊరబెడతారు."

అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. ఏప్రిల్ ఆఖరు. మా ఇంట్లో జాడీలు అటక దిగి ఎండకెక్కే రోజులు. ఎన్ని రోజులు ఊరుతుంది, తాగితే ఏమవుతుంది, అవేవీ అడగలేదు. "అంత లోతు జాడీ, పాతేసి ఉందంటున్నావు, బోర్లించడానికి లేదు. మరి కడగడం ఎలాగ?" అంది.

మేనకోడలు ఆ ప్రశ్న అందించేసరికి ఆయన గ్లాసు తుడవడం ఆపేశాడు. లోపలి గదిలోకి వెళ్లి రెండు వస్తువులు తెచ్చాడు. ఒకటి బారెడు కంటే పొడవైన కర్ర, దాని కొసన చెర్రీ చెట్టు బెరడు ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి గుచ్చిన బ్రష్. రెండోది ఎండిన ఒక రకం పసుపుపూల మొక్క కట్ట, మన చీపురు కట్టలా. పెద్ద కుండయితే మనిషే లోపలికి దిగుతాడు. బెరడు గరుకుగా ఉంటుంది గానీ మైనాన్ని గీరదు. ముందు మడ్డి ఎత్తిపోయాలి, తర్వాత సున్నపు నీళ్లో బూడిద నీళ్లో పోసి రుద్దాలి, ఆ నీళ్లు తోడెయ్యాలి, మంచినీళ్లు పోసి మళ్లీ రుద్దాలి, మళ్లీ తోడెయ్యాలి. కుండ అడుగునుంచి తోడిన నీళ్లు రుద్దినవాడు దోసిట్లో పట్టుకుని తాగగలిగే దాకా. ఆ తర్వాత కాస్త గంధకం పొగ. ఒక్కోసారి రెండు రోజులు కూడా చాలవు. ఆయన చెప్పిన లెక్కలో ఏడాది పొడవునా మరానీలో జరిగే పనిలో సగానికి పైగా ఇదే. పోయినేడు వైన్ వాసన ఒక మూల మిగిలిందా, ఈ ఏటి పంట పోయినట్టే. నిన్న రాత్రి నేను తాగిన సిర్కా ఎక్కడ పుట్టిందో అప్పుడు తెలిసింది.

అమ్మ తలాడిస్తూ విన్నది. తర్వాత ఆయన వంతు. మీ జాడీలో ఏం వేస్తారు అన్నాడు. మామిడికాయ ముక్కలు, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె అని మేనకోడలు చెబుతుంటే ఆయన వేళ్లతో లెక్కపెట్టుకున్నాడు.

"లోపలి విత్తనం తీసేస్తారా?"

"టెంక తీసేస్తే ఆవకాయేవిటి? నెల తిరక్కుండా ముక్క మెత్తబడిపోదూ! టెంక ఉండాల్సిందేనని చెప్పవే."

టెంకకి జార్జియన్ మాట దొరక్క, మేనకోడలు మూడో గ్లాసు చూపించి, చేత్తో కాడా గింజా అభినయించింది. ఆయనకి అర్థమైంది. బల్ల మీద చరిచాడు. ఎన్నాళ్లకి కలుపుతారు అని అడిగాడు. మూడో రోజు తిరగకలుపుతాం అంది అమ్మ. మేము మొదటి రోజు నుంచీ కలుపుతాం అన్నాడు ఆయన. మాది పొంగదుగా అంది అమ్మ.

"ఒక్కటి మాత్రం చెప్పవే. ఎన్ని కడిగినా, తడి చెయ్యి మాత్రం పెట్టనివ్వద్దని చెప్పు."

తను చెప్పింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, రెండు చేతులూ వేలి సందులతో సహా తుడుచుకుని, ఫోను ముందు అరచేతులు తిప్పి చూపించాడు.